మూతి ముడిచిన చేప

జువ్వలదిన్నెలో మా తమ్ముడు కొత్త పడవ కొన్నప్పుడు, దాని ముందుభాగంలో చేప బొమ్మ వేయడానికి నెల్లూరు నుంచి పెయింటర్ వచ్చాడు. రెండు రోజులు నేను ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెక్క పొట్టిగా ఉందన్నాను, పొలుసులు మళ్లీ వేయించాను. డిగ్రీ చదివినదాన్ని, ఊరుకుంటానా? ఆయన ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మూడో రోజు, తడ ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడి స్నేహితుడు తన ఆఫీసులోని కొరియా ఆవిడను వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడకు తెలుగు ముక్క రాదు. నేను నా ఇంగ్లీషులో అందుకున్నాను: చేపంటే మాకు సమృద్ధి, సముద్రమంటే తల్లి. ఆవిడ వినడం లేదు. చేపను చూసింది, నన్ను చూసింది, మళ్లీ చేపను చూసింది. అప్పుడు నేనూ చేప ముఖం చూశాను: ముడుచుకున్న మూతి, పైకెత్తిన కనుబొమ్మ. అసలు చేపకు కనుబొమ్మేమిటి? ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. దాంతో మా తమ్ముడి భార్య చూసింది. ఇక రేవంతా చూసింది.

"ఏందయ్యా ఇది? తుడిచెయ్!" అన్నాను.

"అట్నేలే అక్కా," పెయింటర్ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. "అయితే అది నువ్వేనని ఒప్పుకున్నట్టే గదా?"

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"నాకూ దానికీ పోలికేందబ్బా! ఉండనీ," అన్నాను.

ఇప్పుడు ఆ పడవకు చేపలు బాగా పడుతున్నాయి. అవి ముందు నన్ను చూసి హడలిపోయి, వెనక్కి తిరిగి వలలో పడుతున్నాయని మా మరదలి సిద్ధాంతం. కాదని వాదించాలంటే, ముందు ఆ చేప నేనేనని ఒప్పుకోవాలి.