కొంగుతో తుడిచిన జాడీ

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం ముందు కూర్చున్నా అదే, ప్రార్థనకు మోకరించినా అదే. నా పేరు అడగకండి. మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని, తాలూకా ఆసుపత్రిలో ఆయాగా బతికిన ముసలిదాన్ని, అంత తెలిస్తే చాలు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం ఎప్పుడూ లేదు.

కొమరోలు పక్క పల్లె నుంచి ఒక గొర్రెల కాపరి శవం బండిలో వచ్చింది. మండువేసవి. వాంతులు, భేదులు అయి ఒక్క పూటలో పోయాడట. ఆ ఏడు కలరా ఉంది. అయినా అతని అన్న మాత్రం పెళ్ళాం నాగమ్మే విషం పెట్టిందని పోలీసులకు చెప్పాడు. ముందురోజు ఇద్దరికీ గొడవైందట. గొడవ పడని సంసారం ఏ ఊళ్ళో ఉంది? నాగమ్మ చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడవలేదు కాబట్టి అదే చంపిందన్నారు అందరూ. నేనూ అన్నాను.

శవాన్ని కోసి, కడుపు ఒక జాడీలో, కార్జం, అంటే కాలేయం, ఒక జాడీలో పెట్టి పరీక్షకు మద్రాసుకు పంపాలి. జాడీలు కడగడం నా పని. ఒకటి కడిగిందే ఉంది. రెండోదాంట్లో అంతకుముందు చెదలకు చల్లే పాషాణం పోసి ఉంచేవారు. ఆ సంగతి నాకు తెలుసు. ఆసుపత్రి బావి ఎండిపోయింది. ఊరి బావిలో మేము చేద వేయకూడదు. ఎవరైనా తోడి, దూరం నుంచి మా కుండలో పోయాలి. కుండ పట్టుకుని నిలబడ్డాను. శవాన్ని ముట్టుకుని వచ్చానని ఒక్కరూ పోయలేదు. ఎండలో నిలబడి నిలబడి ఉత్త కుండతో తిరిగొచ్చాను. లోపల డాక్టరు తొందరపెడుతున్నాడు. రైలుకు వేళవుతోందని పోలీసు జవాను గుమ్మంలోనే ఉన్నాడు. కొంగుతో జాడీ లోపలంతా తుడిచాను. తళతళలాడింది. ఇచ్చేశాను. కడుపు అందులో పెట్టారు.

మద్రాసులో ఇవన్నీ పరీక్షించే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన రాకముందు, చచ్చినవాడు తినగా మిగిలిన కూడు కుక్కకు పెట్టి అది చస్తే విషమనేవారట. ఆ పద్ధతి మాన్పించి, ఉరికంబం దాకా పోయినవాళ్ళను కూడా వెనక్కి తెచ్చారని మా డాక్టరు గొప్పగా చెప్పేవాడు. ఆ పెద్దాయనకు కాపరి కడుపులో పాషాణం కనబడింది. కార్జంలో కనబడలేదు. తిన్న విషం కార్జానికి ఎక్కకుండా ఎట్లా ఉంటుందని ఆయనకు అనుమానం. తానే రైలెక్కి వచ్చారు. అంత దూరం, ఒక గొర్రెలకాపరి పెళ్ళాం కోసం.

వరండాలో బల్ల వేయించి గాజు గొట్టాలు అమర్చుకున్నారు. మొదట ఏమీ వేయకుండా ఉత్తగానే పరీక్ష చేశారు. విషముంటే గొట్టం మీద నల్లమచ్చ పడుతుందట. వంగి అట్లాగే చూస్తూ కూర్చున్నారు. మచ్చ పడలేదు. ఎందుకండీ ఈ శ్రమ అని మా డాక్టరు అడిగితే, ముందు నా సామాన్లను అనుమానించుకోవాలి, ఆ తర్వాతే ఇంకొకరిని, అన్నారు. తర్వాత నన్ను పిలిపించారు. బెంచీ మీద కూర్చోమన్నారు. అట్లాంటి మనిషి నన్ను కూర్చోమనడం అదే మొదలు. అంచున కూర్చున్నాను.

“కడుపు పెట్టిన జాడీ కడిగింది నువ్వేనా అమ్మా?”

“నేనేనయ్యా.”

“నీళ్ళతో కడిగావా, ఊరికే తుడిచావా? ఏదైనా సరే, నిన్నెవరూ ఏమీ అనరు. ఒక మనిషి ప్రాణం దీంట్లో ఉంది.”

“బాయి నీళ్ళతో రెండు మార్లు తొలిచినానయ్యా. అట్ల మురికిది ఎందుకిస్తా?”

ఎందుకన్నాను ఆ మాట? ఉద్యోగం పోతుందనా? నీళ్ళు పోయలేదని పెద్దమనిషి ముందు చెబితే ఊరివాళ్ళు మా పేట మీద పడతారనా? ఆ భయాలు ఉన్నమాట నిజమే. కానీ అసలు కారణం అది కాదు, చెప్పడానికి నోరు రావడం లేదు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషి ముందు నేను మురికిదాన్ననిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఆ ఒక్క పూట పరువు కోసం ఒక ఆడదాని బతుకు తీశాను. అట్లాంటి జాడీ ఇంకొకటి తెమ్మంటే, బాగా కడిగి ఉంచినది తెచ్చి ఆయన చేతికిచ్చాను. దాన్ని పరీక్షిస్తే మచ్చ పడలేదు. ఆయన తల ఊపారు. కర్నూలులో విచారణప్పుడు, జాడీ శుభ్రమైనదేనని, విషం కార్జానికి ఎక్కేలోపే మనిషి పోయి ఉండవచ్చని చెప్పారట. నాగమ్మకు యావజ్జీవం పడింది. పిల్లాణ్ణి ఆ అన్నే తీసుకుపోయాడు.

కొన్నాళ్ళకు మద్రాసు నుంచి గడ్డిలో చుట్టిన కొత్త జాడీలు వచ్చాయి. ఇకమీదట ఇవే వాడాలని, జాడీలోనే విషం ఉందేమో చూడటానికి వాటిలో ఒకదాన్ని ఖాళీగానే సీలు వేసి కూడా పంపాలని ఆయన హుకుం. గడ్డి విప్పుతుంటే నాకు అర్థమైంది. ఆయన నన్ను పూర్తిగా నమ్మలేదు. అప్పటికి నాగమ్మ జైల్లో బతికే ఉంది. ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే ఆయన మళ్ళీ రైలెక్కి వచ్చేవారు. నాకు రాయడం వచ్చు. రాయలేదు. మొదటిది భయమనుకోండి, సిగ్గనుకోండి. మరి ఇది ఏంది? దీనికి పేరు నాకు దొరకడం లేదు.

నాగమ్మ జైల్లోనే పోయింది. ఆ పెద్దాయనా పోయారు. పాస్టరు అయ్యగారికి చెబితే దేవుడు క్షమిస్తాడంటారు. అంత సులువుగా తెమిలిపోవడం నాకిష్టం లేదు. నాగమ్మ కొడుకును గిద్దలూరు సంతలో ఒకసారి చూశాను. గొర్రెలు అమ్ముతున్నాడు. వాడు మందు పెట్టినదాని కొడుకని పక్కన ఎవరో నవ్వుతూ చెప్పారు. నేను విననట్టు తప్పుకున్నాను.

నాగమ్మ విషం పెట్టలేదని నేను చెప్పలేను. నాకు తెలియదు. తెలుసుకునే దారిని నేనే మూసేశాను. కానీ ఆ అబ్బాయి మీకు ఎదురైతే ఇది చెప్పండి. మీ అమ్మ పెట్టిందన్న పాషాణం జాడీలోది కావచ్చు నాయనా, ఆ జాడీని ఎవరూ కడగలేదు.

రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.