చెంచాడు పెరుగు

ఎవరైనా మంచి పని మీద గడప దాటుతుంటే పెరుగులో పంచదార కలిపి చెంచాడు నోట్లో పెట్టడం మా ఇంట్లో అలవాటు. పరీక్షకైనా, ఇంటర్వ్యూకైనా అంతే. కిందటేడు మా మూడు నెలల కుక్కపిల్ల నాంపల్లిలోని మా ఇంటి మెట్ల మీంచి జారి ముందుకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషనుకు తీసుకెళ్లే రోజు దానికీ పెట్టాను. పెట్టి ఊరుకున్నానా, గిన్నె నాకుతుంటే ముద్దొచ్చి చూస్తూ కూర్చున్నాను.

పశువుల డాక్టరు ముందురోజే గట్టిగా చెప్పారు. "పొద్దుగాల ఏం పెట్టొద్దు మేడం. కడుపు ఖాళీగుండాలె." పాలు, అన్నం, బిస్కెట్లు అన్నీ మానేశాను. పెరుగు మాత్రం లెక్కలోకి రాలేదు. నా దృష్టిలో అది తిండి కాదు, శకునం.

ఆబిడ్స్ సందులో ఉన్న ఆ క్లినిక్కుకు ఆటోలో వెళ్లేసరికి డాక్టరు ఇంకా రాలేదు. ముప్పావుగంట కాచుకున్నాను. ఒళ్లో కుక్కపిల్ల మూలుగుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన రాగానే, "ఏమన్న పెట్టిన్రా?" అని అడిగారు. లేదన్నాను. బరువు చూసి మళ్లీ అడిగారు. మత్తుసూది చేతిలో పట్టుకుని మూడోసారి అడిగారు.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? నేను టీచర్ని. చెప్పిన మాట నాకు అర్థమవుతుంది" అని కసిరాను.

ఆయన సూది వేశారు. కాసేపటికే దాని తల వాలిపోయింది. పొట్ట మీద చెయ్యి వేసి పక్కనే నిలబడ్డాను. ఆయన దాని నోరు తెరిచి, గొంతు దగ్గర వేలితో తాకి చూశారు.

"చూసిన్రా, మింగుతలేదు, దగ్గుతలేదు. మత్తుల గవేం పనిచెయ్యవు. గందుకే మూడుసార్లు అడిగిన. కడుపుల ఏమన్న ఉంటే పైకొచ్చి సీదా ఊపిరితిత్తులల్లకు పోతది. గింత చిన్నవైతే ఊపిరి తీసుడు గూడ మర్చిపోతయ్."

పెరుగు గిన్నె కళ్లముందు కనబడింది. ఎలా చెప్పేది? ఇప్పుడే కదా టీచర్నని అరిచింది! చెంచాడే కదా, ఈపాటికి అరిగిపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అరచేతి కింద పొట్ట లేచింది, దిగింది. మళ్లీ లేచింది, దిగింది. మూడోసారి లేవడానికి చాలాసేపు పట్టింది.

"పెరుగు పెట్టానండీ" అన్నాను. "పంచదార వేసి. గిన్నె కూడా నాకింది."

ఆయన నావైపు ఒక్కసారి చూశారు. తిట్టినా బాగుండేది. "తల కిందికి వంచి పట్టున్రి" అన్నారంతే. గొంతులోకి గొట్టం దించుతుండగా నోటి మూల నుంచి తెల్లగా పెరుగు కారింది. గబగబా తుడిచి, గొట్టానికి రబ్బరు సంచి తగిలించారు. అప్పటికి నా చేతి కింద కదలిక లేదు. నాలుక నీలంగా మారుతోంది. ఆయన సంచి నొక్కితే రొమ్ము లేస్తోంది, వదిలితే పడిపోతోంది. అది దాని ఊపిరి కాదు, ఆయన చేతిది. బయట రోడ్డు మీద బస్సు ఆపకుండా హారను కొడుతుంటే వెళ్లి డ్రైవరు చెంప పగలగొట్టాలనిపించింది.

ఆయన నొక్కడం ఆపి చూశారు. ఏమీ లేదు. మళ్లీ నొక్కారు, మళ్లీ ఆపారు. ఈసారి పొట్ట దానంతటదే చిన్నగా లేచింది.

"తీస్తున్నది" అన్నారు.

ఆరోజు కాలికి ఆపరేషను చెయ్యలేదు. మత్తు దిగాక గొట్టం తీస్తుంటే అది గట్టిగా దగ్గింది. "గిట్ల దగ్గాలె. రెండు దినాలు ఊపిరి జర చూస్కోన్రి" అని ఆయన కుర్చీలో కూలబడ్డారు. చొక్కా వీపంతా తడిసి ఉంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి ఏమైందని అడిగారు. మత్తులో ఊపిరి ఆగి మళ్లీ వచ్చిందన్నాను. అంతవరకే చెప్పాను. ఆయన నా ఒళ్లోని కుక్కపిల్ల తల నిమిరి, "పెరుగు పంచదార పెట్టి తీసుకెళ్లావుగా, అందుకే గండం గడిచింది" అన్నారు.

నా చెయ్యి ఇంకా దాని పొట్ట మీదే ఉంది. అది ఒకసారి లేచి దిగేలోగా ఆయనకు నిజం చెప్పేశాను.