చివరి బొమ్మలో ఇద్దరు పిల్లలు

మొన్న ఒక మధ్యాహ్నం భోజనం చేసి అలా నడుం వాల్చానో లేదో, హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. పిల్లల పుస్తకాలు వేసేచోట పని చేస్తుందట, ముప్ఫయ్యేళ్ళ కిందట నేను తెలుగులోకి తెచ్చిన ఒక డచ్చి రచయిత్రి నవలను మళ్ళీ అచ్చు వేద్దామనుకుంటున్నారట. నేను సంతోషించేలోపే మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. ఈ రోజుల్లో డచ్చి పేజీ మీద ఫోను పెడితే అదే తెలుగు చేసి చూపిస్తుందట, అలా సరిచూసుకుంటూ వస్తే అంతా బాగానే ఉంది గానీ, చివరి అధ్యాయం మాత్రం మూలంలో లేనే లేదట. "అక్కడ చెల్లెలు వరదలో పోతుంది కదండీ, మీ పుస్తకంలో బతికి వచ్చేసిందేమిటి?" అని అడిగింది. ముప్ఫై మూడేళ్ళు పిల్లల కాపీలు పట్టుకున్న టీచరమ్మను, ఇన్నాళ్ళకు నేనే దొరికిపోయాను. మూలం ప్రకారం మార్చమంటారా, ఉన్నది ఉన్నట్టు వేయమంటారా, నెలాఖరులోగా చెప్పమని పెట్టేసింది. ఆ మధ్యాహ్నం ఇక నిద్ర పట్టలేదు.

నేను కోటబొమ్మాళిలో ఆరో తరగతికి తెలుగు చెప్పే రోజులవి. అంతకు ముందు ఏడాది తుఫాను వచ్చి వంశధార పొంగింది, నదివైపు ఊళ్ళలో ఇళ్ళకు ఇళ్ళే పోయాయి. సాయానికి వచ్చిన విదేశీయుల్లో హాలెండు నర్సు ఒకావిడ మిషను ఆసుపత్రిలో పదిహేను రోజులు ఉంది. మా నాన్నగారు ఆ ఆసుపత్రిలో కాంపౌండరు కావడంతో ఆవిడ రాత్రి భోజనం మా ఇంట్లోనే. మా అమ్మ ఎంత కారం తగ్గించి చేసినా పాపం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే తినేది. వెళ్ళేటప్పుడు, నువ్వు టీచరువు కదా అని, తన సంచిలోంచి ఒక పిల్లల నవల తీసి నాకు ఇచ్చింది. వాళ్ళ దేశపు రచయిత్రి రాసినదానికి ఇంగ్లీషు అనువాదం. సముద్రం కన్నా పల్లంలో ఉన్న ఒక ఊరు, సముద్రపు గట్టు తెగి ఊరు మునగడం, ఆ వరదలో విడిపోయిన అక్కాచెల్లెళ్ళు, ఇదీ కథ.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, శనివారం ఆఖరి పీరియడు అంటే పాఠం ఉండేది కాదు, కథో పాటో. ఆ పీరియడులో ఆ పుస్తకం ముందు పెట్టుకుని, లైను కింద వేలు పెట్టి, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పుకుంటూ పోయేదాన్ని. వాళ్ళ చెక్క జోళ్ళకు పావుకోళ్ళు అని చెప్పడంతో, మా పిల్లలు రెండు వారాల పాటు ఆ ఊళ్ళో అందరూ స్వాములే అనుకున్నారు. చలికాలంలో కాలువ గడ్డకట్టి జనం దానిమీద నడుస్తారంటే ఒక్కరూ నమ్మలేదు, టీచరమ్మ కోతలు కోస్తోందని ఇళ్ళకెళ్ళి చెప్పుకున్నారు. గట్టు సంగతి మాత్రం ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

నేను చేసిన పొరపాటు ఒకటే, పుస్తకం ముందుగా పూర్తిగా చదవలేదు. పిల్లలతో పాటు వారం వారం నేనూ తెలుసుకుందామని సరదా. అలా చివరి అధ్యాయానికి వచ్చిన శనివారం, నోరు ఒక లైను చెబుతూంటే కళ్ళు నాలుగు లైన్లు ముందుకు పోయి, ఆ చెల్లెలు ఇక దొరకదని చూశాయి. రెండో వరసలో ఒక పిల్ల కూర్చునేది. దాని చెల్లెలు వంశధార వరదలో పోయింది, శవం కూడా దొరకలేదు. ఆ సంగతి నాకు తెలిసీ ఇన్ని వారాలు ఆ కథ ఎలా చెబుతూ వచ్చానో, నాకే సిగ్గేస్తుంది. నేను ఆగడం చూసి ఆ పిల్ల లేచి నిలబడి, "సెల్లి దొరికినాదేటండి?" అంది. దొరికింది అన్నాను. ఎలా దొరికిందో కూడా చెప్పాను, కొట్టుకొచ్చిన తలుపుచెక్క పట్టుకుని తెల్లారేదాకా ఉందనీ, పడవవాళ్ళు తీసి ఒడ్డున పెట్టారనీ, అక్క దాని పావుకోళ్ళు చూసి ఆనవాలు పట్టిందనీ. గంట కొట్టేదాకా చెప్పాను. ఆ అబద్ధం అంత ధారాళంగా ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్లలు ఆ కథ పుస్తకంగా కావాలని పట్టుబట్టారు. ఆ నర్సు ద్వారా రచయిత్రి చిరునామా తెప్పించి, అనుమతి కోసం నీలం ఉత్తరం రాశాను, పోస్టాఫీసులో అమ్మేవారే, కాగితమే మడిచి కవరు అయ్యేది, అది. నెల తిరక్కుండా సంతోషంగా ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. అలా మొదలైన ఉత్తరాలు పాతికేళ్ళు నడిచాయి. ఇద్దరిదీ అరువు ఇంగ్లీషే కాబట్టి ఒకరి తప్పులు ఒకరికి కనబడేవి కావు.

ఆవిడ బతుకంతా నాకు ఆ ఉత్తరాల్లోనే తెలిసింది. తండ్రి పల్లపు పొలాల నీళ్ళు తోడి సముద్రంలోకి పోసే ఇంజను దగ్గర పనివాడు. ఆవిడ నాలాగే బడిపంతులమ్మ. చదువు ఒంటబట్టని ఒక పిల్లవాడి కోసం రోజుకో పేజీ చొప్పున ఒక బాతు కథ రాసిచ్చిందట, అదే మొదటి పుస్తకం. ప్రచురించేవాళ్ళు వరసగా తిప్పి పంపితే, ఆ పిల్లవాడు చదివాడు కదా, నాకు చాలు అని ఊరుకుందట. చివరికి ఎవరో వేశారు, పిల్లలు ఎగబడి చదివారు. ఆ తరువాత తెల్లారకముందే లేచి, వంటింటి బల్ల మీద ఎదురుగా ఒక బిస్కత్తు పెట్టుకుని, పేజీ పూర్తయ్యేదాకా దాన్ని ముట్టకుండా, అలా ముప్ఫై పైచిలుకు పుస్తకాలు రాసింది. బహుమతులు వచ్చాయి. సైకిలు మీద ఊరూరి లైబ్రరీలకూ వెళ్ళి పిల్లలకు చదివి వినిపించేది. ఏ పుస్తకంలోనూ ఎవరూ చనిపోరు, పెద్దవాళ్ళు దానికే వెక్కిరించేవారట. నలభై దాటాక ఈ వరద పుస్తకం ఒక్కటే వేరేగా రాసింది.

మా బళ్ళో డ్రాయింగు మాస్టారు బొబ్బిలివారు, ఇంటిల్లిపాదీ వీణలు చేసేవాళ్ళే, ఈయన ఒక్కరూ ఉలి పక్కన పెట్టి కుంచె పట్టుకున్నారు. బొమ్మలు ఆయన వేశారు. సముద్రపు గట్టు మీద వరసగా తాటిచెట్లు పెట్టారు, చివరి బొమ్మలో ఆ చెట్ల కింద అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డారు. విజయనగరంలో అచ్చు వేయించి, ఒక ప్రతి హాలెండు పంపాను. తెలుగు రాని మనిషికి చివరి అధ్యాయం సంగతి ఎలా తెలుస్తుందిలే అనుకున్నాను.

బొమ్మ చూసి పట్టేసింది. తాటిచెట్లు చాలా బాగున్నాయనీ, మా గట్టుకు అంత అందం ఎప్పుడూ లేదనీ మెచ్చుకుని, నా పుస్తకం చివరి బొమ్మలో ఒక్క పిల్లే ఉంటుంది, ఇక్కడ ఇద్దరున్నారు, ఆ రెండో పిల్ల ఎవరు అని అడిగింది. ఆ కింద ఇంకో రెండు వాక్యాలు రాసింది. ఆ చెల్లెలు నా సొంత చెల్లెలు, అయిదేళ్ళది, నాకు అప్పుడు ఎనిమిది, చెయ్యి నా చేతిలోంచే జారిపోయింది. మా అమ్మ నా పుస్తకాలన్నీ చదివింది, ఇది మాత్రం చివరి అధ్యాయం దాకా వచ్చి మూసేసింది.

ఆ ఉత్తరం చదివి నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఒకరి ఇంట్లో చావును నేను నా బడి గంటకు సర్దేశాను. మూడు నెలలు జవాబు రాయలేకపోయాను, రాసినప్పుడు మాత్రం రెండో వరస పిల్ల సంగతితో సహా దాచకుండా రాశాను. చాలా రోజులకు జవాబు వచ్చింది. నాకు కోపం వచ్చింది అని మొదటి వాక్యం. నలభై ఏళ్ళు నేను చేయలేని పని నువ్వు ఒక పీరియడులో చేసేశావు అని రెండోది. మార్చమని అడగను, కానీ మా చెల్లెల్ని ఇంటికి తీసుకొచ్చావు కదా, ఆ మర్నాడు పొద్దున అది లేచి ఏం చేసిందో నాకు చెప్పు అని మూడోది.

చెప్పాను. ఆకలని ఏడ్చిందని చెప్పాను. ఆ తరువాత ఆవిడ అడగడం, నేను చెప్పడం, కొన్నాళ్ళకు ఆవిడా చెప్పడం, అలా ఇద్దరం కలిసి ఆ పిల్లను పెంచాం. నీళ్ళంటే భయపడింది, ఈత నేర్చుకుంది, పరీక్ష తప్పింది. పెద్దయ్యాక టీచరును చేద్దామని నేనన్నాను, మనిద్దరం టీచర్లం చాలమా అని ఆవిడ కోప్పడి తండ్రి ఇంజను దగ్గరే పనికి పెట్టింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే పిచ్చి పట్టిందనుకుంటారు. ఆవిడ ఆఖరి ఉత్తరం వచ్చేటప్పటికి చూపు మందగించి, అక్షరాలు బొటనవేలంత ఉండేవి. మా చెల్లెలు కూడా ముసలిదైపోయిందా, జుట్టు నెరిసిందా అని అడిగింది. అప్పుడే నాకు మోకాలి ఆపరేషను అయింది, రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూండగా ఆవిడ పోయిందని మేనకోడలు ఉత్తరం రాసింది.

ఇప్పుడు ఏం చేయాలో తోచక, పోయిన ఆదివారం శ్రీకాకుళంలో బస్సెక్కి కోటబొమ్మాళి దగ్గర ఆ రెండో వరస పిల్ల ఇంటికి వెళ్ళాను. అంగన్‌వాడీ టీచరు, కూతురికి పెళ్ళీడు వచ్చింది. పుస్తకంలో అసలు ఏం రాసి ఉందో, అది ఆ రచయిత్రి సొంత చెల్లెలి కథేనని కూడా, తడబడుతూ చెప్పాను. అది నవ్వింది. "నాకు ఆ రోజే తెలిసిపోనాది టీచరమ్మా. అంతవరకూ లైను కింద ఏలు పెట్టి సదివినోరు, అక్కడికొచ్చీసరికి పుస్తకం మూసీసి నన్ను సూసి సెప్పినారు. పుస్తకంలో ఉన్నదైతే నన్నెందుకు సూస్తారు?" మరి అప్పుడే ఎందుకు అడగలేదే అన్నాను. "ఏటి అడుగుతానండి? అంత కష్టపడి బతికించినారు."

టీ తాగాక, ఎలా అచ్చు వేయమందామని కూడా దాన్నే అడిగాను. పిండివంటలో ఉప్పు చూసి చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది. "ఆయమ్మ సెల్లి ఆయమ్మ రాసినట్టే ఉండనీండి. మీరు సెప్పింది మా దగ్గర ఉన్నాది కదా."

మర్నాడు హైదరాబాదు అమ్మాయికి ఫోను చేసి, చివరి అధ్యాయం నేనే మూలం ప్రకారం కొత్తగా రాసి పంపుతానని చెప్పాను. బొమ్మ మాత్రం డ్రాయింగు మాస్టారు వేసిందే, ఇద్దరు పిల్లలూ ఉన్నదే ఉంచమన్నాను. కథకూ బొమ్మకూ పొంతన ఉండదు కదండీ అంది. ఉండకపోతే ఉండకపోనీ అన్నాను. చదివే పిల్లల్లో ఎవరైనా ఆ రెండో పిల్ల ఎవరని అడిగితే, చెప్పడానికి పక్కన ఒక టీచరమ్మో అమ్మమ్మో ఉంటే చాలు. శనివారం ఆఖరి పీరియడు ఇప్పుడు లేదు, లెక్కల పరీక్ష పెడుతున్నారట.

ఆ అధ్యాయం రాసి పంపేశాక మనసు ఆగక, నీలం ఉత్తరం ఒకటి ఇమ్మని పోస్టాఫీసుకు వెళ్ళాను. కౌంటరులో అమ్మాయికి నేనేం అడుగుతున్నానో తెలియలేదు, లోపల్నుంచి పెద్దాయన వచ్చి, అవి రావడం మానేసి చాలా కాలమైందండీ అన్నాడు. ఇంటికొచ్చి తెల్లకాగితం మీదే రాశాను. జుట్టు పూర్తిగా నెరిసింది, మోకాళ్ళ నొప్పులు, ఇంజను దగ్గర పని మానేసి చాలా ఏళ్ళయింది, పొద్దున్నే గట్టు మీద నడుస్తుంది, అక్క ఎక్కడని అడుగుతూంటుంది అని రాసి, మడిచి, ఆ పుస్తకం చివరి బొమ్మ దగ్గర పెట్టుకున్నాను.