మా డప్పు బృందం తెల్ల బూట్లు

మా డప్పు బృందంలో మొన్నమొన్నటి దాకా ఒకటే పట్టింపు ఉండేది. బూట్లు విప్పం. ఎనిమిది మందిమి, అందులో అయిదుగురం ఆడవాళ్ళం, అందరికీ తెల్ల కాన్వాస్ బూట్లు. సూర్యాపేటలో పెళ్ళయినా, కోదాడలో కాలేజీ ఫంక్షనయినా ఫోన్‌లో ముందే చెప్పేసేదాన్ని. స్టేజీ మీదే వాయిస్తాం, బూట్లతోనే వాయిస్తాం, అందరితో పాటు కూర్చుని తింటాం. కొందరు మాట పూర్తికాకముందే ఫోన్ పెట్టేసేవాళ్ళు. పెట్టేయనీ, మా దరువు వినే యోగం వాళ్ళకు లేదనుకునేదాన్ని.

ఇంత పొగరు ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్ళకు రెండు జవాబులు చెప్తాను. ఒకటి, డిగ్రీలో మా ఇంగ్లీషు మేడం ఫోన్‌లో చూపించిన వీడియో. అమెరికాలో నల్లజాతి గాయకుడు ఒకాయన, పాతకాలం మనిషి, పాడుతూ పాడుతూ చెమటతో తడిసి ముద్దయిపోతున్నాడు. రంగు అచ్చం మా మేనమామదే, నాదీ అదే. బూట్లు మాత్రం తళతళలాడుతున్నాయి. బీద ఇంట్లో పుట్టి, ఒళ్ళు హూనం చేసుకుని సాధన చేసి అక్కడిదాకా వచ్చాడని మేడం చెప్పింది. పాటలో మాట ఒక్కటీ నాకు అర్థం కాలేదు. ఆ మనిషి ఎవరి ముందూ తల వంచుకుని నిలబడలేదని మాత్రం బాగా అర్థమైంది. ఆ రోజు ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. పౌడర్ డబ్బా వైపు చెయ్యి పోలేదు.

రెండో జవాబు మా నాన్న. మాది ఆత్మకూర్ (ఎస్) దగ్గర పల్లె. పెళ్ళికైనా చావుకైనా చాటింపుకైనా ఊరంతటికీ ఆయన డప్పే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పెద్దింటి పెళ్ళి ఊరేగింపులో కొత్త చెప్పులు వేసుకుని వాయిస్తున్నాడు. వాళ్ళ వాకిలి ముందు ఆపి, చెప్పులు విప్పి డప్పు కొట్టమన్నారు. నాన్న చెప్పులు విప్పలేదు. భుజం మీది డప్పు తీసి చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. మేకుకు తగిలించాడు, మళ్ళీ ముట్టలేదు. ఆ ఏడే ఊరు విడిచి సూర్యాపేట వచ్చాం. ఆయన మార్కెట్లో హమాలీ పనిలో కుదిరాడు.

మేకు మీది డప్పు దించింది నేను. నాన్న వద్దనలేదు, తాను చెయ్యీ వెయ్యలేదు. మంచం మీద కూర్చుని, దరువు నోటితో పలుకుతూనే నేర్పాడు. ఒకే దరువు నెలల తరబడి, నడుస్తూ, కూర్చుని లేస్తూ, గిర్రున తిరుగుతూ. వేళ్ళు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్న రోజులున్నాయి. బాగుందని ఆయన ఒక్కనాడూ అనలేదు. దెబ్బ తప్పితే మాత్రం దగ్గేవాడు. ఆ దగ్గు వినపడకుండా ఒక పూట గడిస్తే నాకు పండగే.

అలా నేర్చిన చేతులు కాబట్టే నాకు ఎక్కడా జంకు లేదు. కోదాడలో ఒక ఈవెంట్ మనిషి నన్ను వెనక వరసలోకి జరగమన్నాడు. "ఏమనుకోకండి మేడం, మీరు ముందుంటే ఫొటోలు డల్‌గా వస్తాయండి" అన్నాడు. కోదాడ వాళ్ళ మర్యాదే వేరు, చేదు మాటకు కూడా 'అండీ' తగిలిస్తారు.

"లైటు పెంచుకో అన్నా, నన్ను ఎనకకు పంపకు" అన్నాను. ముందు వరసలో, నట్టనడుమ నిలబడి వాయించాను. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఒకటి మా ఇంట్లో గోడకు ఉంది.

ఇన్ని సాధించినా ఒక కోరిక మిగిలిపోయింది. నాన్న మళ్ళీ వాయించాలి. నా పక్కన, స్టేజీ మీద, అందరూ చూస్తుండగా, బూట్లతో. ప్రతి ప్రోగ్రాంకూ పిలిచేదాన్ని. తన చేతులు బస్తాలకు అలవాటు పడ్డాయని తప్పించుకునేవాడు. అప్పటికే అరవై దాటాయి, ఒంట్లో సత్తువ ఇంక ఎన్నాళ్ళు ఉంటుందోనని నాకు లోపల భయంగా ఉండేది.

పోయిన ఏడాది మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వాళ్ళ ఇంట పెళ్ళి. పొద్దున బయల్దేరే వేళకు కబురొచ్చింది, మాకు దరువు ఎత్తి ఇచ్చే అతను బండి మీద నుంచి పడి చెయ్యి బెణికించుకున్నాడని. అతను లేకపోతే మిగిలిన ఏడుగురం ఏడు దారులే. ఏం చెయ్యాలో తోచక తల పట్టుకున్నాను. నాన్న లోపల్నుంచి వచ్చి వ్యాన్ ఎక్కి కూర్చున్నాడు. మా దరువులన్నీ ఆయన నోట పుట్టినవే కదా. ఒక జత తెల్ల బూట్లు ఇస్తే వేసుకున్నాడు.

ఫంక్షన్ హాలు వెనక గడ్డి మంట వేసి డప్పులకు సెగ చూపించాం. తోలు బిగుసుకుంటేనే డప్పు గొంతు పలుకుతుంది. నాన్న తన డప్పును మంట మీద తిప్పుతూ, వేలితో మీటుతూ, చెవి ఆనించి వింటూ కూర్చున్నాడు. తర్వాత అందరం స్టేజీ మెట్ల దగ్గరకు వెళ్ళాం. అక్కడ ఆయన ఆగి, వంగి, బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా కుర్చీల్లో మిల్లు వాళ్ళ చుట్టాలంతా చూస్తున్నారు. ఇన్నేళ్ళ నా కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోయిందనిపించింది. దగ్గరికెళ్ళి, "ఎవలకు భయపడి ఇప్పుతున్నవ్ నాయినా? ఏసుకో" అన్నాను.

ఆయన తాపీగా డప్పు భుజానికి వేసుకున్నాడు. "ఆనాడు వాళ్ళు ఇప్పమన్నరు, నేను ఇప్పలే. గీడ నన్నెవలూ ఇప్పమనలే. ఇది డప్పుకు ఇప్పుతున్న, మా అయ్య గిట్లనే ఇప్పెటోడు" అన్నాడు. మెట్టు ఎక్కుతూ నా వైపు తిరిగాడు. "నువ్వు ఎంతసేపూ వాళ్ళ దిక్కే సూస్తవ్ బిడ్డా. జర డప్పు దిక్కు సూడు."

సిగ్గేసింది. నిజమే, ఇన్నేళ్ళూ నా కళ్ళు ఎదుటివాళ్ళ మొహాల మీదే ఉన్నాయి. నాన్న దరువు ఎత్తుకున్నాడు. ఇరవై ఏళ్ళు మూట మోసిన చేతులు ఎక్కడా తడబడలేదు. ముందు వరసలో పిల్లలు లేచారు, తర్వాత పెద్దవాళ్ళు లేచారు. నేను ఆయన్నే చూస్తూ ఒక దెబ్బ తప్పాను. ఆ హోరులో వినపడలేదు కానీ, నాన్న గొంతు కదలడం చూశాను. దగ్గాడు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి, దరువు అందుకున్నాను.

ఇప్పుడు ఫోన్‌లో మాట మార్చి చెప్తున్నాను. స్టేజీ మీదే వాయిస్తాం, అందరితో పాటు కూర్చుని తింటాం. మా కాళ్ళ సంగతి మాత్రం మీరు మాట్లాడొద్దు. విప్పితే మా డప్పుకు విప్పుతాం.