వార్డుకు పాసు, కారిడార్‌కు లేదు

కోవిడ్ రెండో అల తగ్గిన మరుసటి వేసవిలో నన్ను దక్షిణ ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి సీనియర్ సిస్టమ్స్ ఎనలిస్టుగా వేశారు. నా ఉద్యోగంలో అదే ఆఖరి పోస్టింగు. నా కింద సర్వర్లు చూసుకునే అమ్మాయి సుహాసిని. వాళ్లమ్మ కరుణమ్మగారు అదే ఆసుపత్రిలో సర్జరీ వార్డు సిస్టర్ ఇన్‌ఛార్జి. బాపట్ల వదిలి ఎన్నేళ్లయినా ఆమె మాట మారలేదు. కూతురేమో తెలుగులో అడిగితే హిందీలో చెప్పేది. ఇంట్లో ఏం మాట్లాడుకునేవారో గాని, డ్యూటీలో ఇద్దరూ ఇంటర్‌కమ్ మీదే కొట్లాడుకునేవారు. నాకు ఇద్దరూ ఇష్టమే.

మా సర్వర్ మీద రెండు పనులు నడిచేవి. ఒకటి ల్యాబ్ రిపోర్టులను వార్డులకు చేర్చడం. రెండోది సూపరింటెండెంటుగారి ఆఫీసుకు గణాంకాల నివేదిక తయారుచేయడం. ఈ నివేదిక ప్రోగ్రాం మెమరీ ఎంత ఉంటే అంత మింగేది. అందుకని సుహాసిని దాన్ని విడిగా ఒక కంట్రోల్ గ్రూపులో పెట్టి, ఇంతకు మించి మెమరీ ఇవ్వొద్దని ఆపరేటింగ్ సిస్టమ్‌కు హద్దు చెప్పింది.

ఆ సోమవారం ఉదయం నివేదిక మొదలైన కాసేపటికే ల్యాబ్ తెరలు కదలడం మానేశాయి. వెంటనే కరుణమ్మగారి ఫోను. పేగు మెలిపడిన ఒక పెద్దాయన్ని ఆపరేషన్‌కు సిద్ధం చేశారు. పొటాషియం రిపోర్టు తెర మీద చూడనిదే మత్తు డాక్టరు ముందుకెళ్లరు, నోటిమాట చెల్లదు.

"ఏమే సుహా, మనిషి నెప్పితో మెలికలు తిరిగిపోతన్నాడు. నీ డబ్బా ఏం చేస్తందే?"

"మమ్మీ, దేఖ్ రహీ హూఁ నా!" చూస్తున్నాను కదా అని కూతురి విసుగు.

నివేదిక తన మెమరీ హద్దు దాటలేదని సుహాసిని నాకు చూపించింది. నిజమే, దాటలేదు. కానీ మెమరీ చాలనప్పుడు సిస్టమ్ కొంత సరుకును డిస్కు మీదికి నెట్టి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ చోటును స్వాప్ అంటారు. దానికి మేం హద్దేమీ పెట్టలేదు. నివేదిక తన సరుకును అదే పనిగా అటూ ఇటూ మోస్తుంటే, అదే డిస్కు మీదున్న ల్యాబ్ డేటా ఇరుక్కుపోయింది.

ఇంతలో కరుణమ్మగారు స్వయంగా కిందికి దిగి వచ్చారు. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పాను: మీ వార్డులో ఒక్కో రోగి తరఫున ఒక్క చుట్టానికే పాసు ఇస్తారు, మిగతా చుట్టాలంతా కారిడార్‌లో కూర్చుని ఒకరి తర్వాత ఒకరు లోపలికీ బయటికీ తిరుగుతుంటే స్ట్రెచర్ కదలదు కదా, అని.

"అయితే కారిడార్‌క్కూడా పాసు పెట్టండి మేడమ్. బయటికెళ్లమని చెప్పడానికి భయమా?" అన్నారావిడ.

భయమే. స్వాప్‌కు కూడా హద్దు పెడితే ఆ ప్రోగ్రాంకు చోటు చాలదు, సిస్టమ్ దాన్ని చంపేస్తుంది. ఆ నివేదిక మధ్యాహ్నం మీటింగుకు కావాలి. సూపరింటెండెంటుగారి పని ఆపే హోదా నాది కాదు. ఆయన పీఏకు ఫోన్ చేస్తే, సాబ్ రౌండ్స్‌లో ఉన్నారన్నాడు. సుహాసిని కీబోర్డు మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది. హద్దు పెట్టేయమన్నాను. స్వాప్ హద్దును సున్నా చేసింది. కాసేపటికి నివేదిక చచ్చింది, ల్యాబ్ తెర కదిలింది, పెద్దాయన థియేటర్‌లోకి వెళ్లాడు.

సాయంత్రం సూపరింటెండెంటుగారు పిలిచి ఎవరు ఆపారని అడిగారు. నేనే అన్నాను. ఇకపై ఏది ముందు ఆగాలో రాసి తెమ్మని మాత్రం అన్నారు. మర్నాడు కరుణమ్మగారు కూతురి చేత గోంగూర మాంసం పంపారు, మేడమ్‌కే ఇవ్వాలి, నువ్వు ముట్టుకోవద్దు అని చెప్పి. ముగ్గురం కలిసే తిన్నాం.

మెమరీకి హద్దు పెట్టి స్వాప్‌ను వదిలేస్తే భారం తగ్గదు, పక్కపని మీదికి జరుగుతుంది. రెండింటికీ హద్దు పెట్టేవాళ్లు ఏ పని చావాలో ముందే తేల్చుకుని, పైవాళ్లను ఒప్పించి ఉండాలి. మేం ఆ ఉదయం తేల్చుకునేదాకా ఆ పెద్దాయన స్ట్రెచర్ మీదే ఉన్నాడు.