వంటింటి బండల కోసం తిరిగిన పది రోజులు

మా వంటింట్లో నీళ్లు ఒలికితే తూము దాకా పారేవి కావు. పొయ్యి పక్కన బండల సందుల్లోంచి గుటకలేసినట్టు కిందికి దిగిపోయేవి. పెనుకొండలో మా అత్తగారిల్లు ఏ కాలం నాటిదో ఎవరికీ తెలియదు. మా ఆయన తాత కొన్నాడు. ఆయనకు అమ్మినవాళ్లు ఎవరి దగ్గర కొన్నారో ఆయన అడగలేదు. నేను కాపురానికి వచ్చిన తొంభైల మొదట్లో బండలు కాస్త కదిలేవి, అంతే. పదేళ్లు తిరిగేసరికి పొయ్యి ఎదురుగా ఉన్న బండ ఒక మూల బెత్తెడు కుంగింది. దాని మీద చెంబు పెడితే ఒరిగిపోయేది. రొట్టెలు తడుతుంటే కింద ఎక్కడో మట్టి జారిన చప్పుడు వినిపించేది. ఎలుకలులే అని సరిపెట్టుకున్నాను. ఎలుకలైతే కిచకిచమనాలి కదా అని మనసులో ఒకటి అడుగుతూనే ఉంది, దాని నోరు నేనే నొక్కేశాను.

మా ఆయనకు బస్టాండు దగ్గర సైకిల్ షాపు. దాని మీద వచ్చేది కడుపుకు సరిపోయేది గానీ ఇల్లు బాగు చేసుకోవడానికి చాలేది కాదు. అందుకే బండలు మార్చాలనుకున్నప్పుడు ఏది చవకయితే అది అని ముందే ఒట్టు పెట్టుకున్నాము. మా అత్త కదిరిలో కూతురింటికి పోయిన వారంలో బేల్దారి మేస్త్రిని పిలిచాము. పెద్దవాడు, మాట తక్కువ మనిషి. కుంగిన బండను గడ్డపారతో లేపి, కింద మట్టిలో ఒక పోటు పొడిచాడు. డుబ్బుమంది. ఆ చప్పుడు నా అరికాళ్లకు తెలిసింది. అతను గడ్డపార వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మా, మీరు గడప బయటికి పొండి" అన్నాడు.

మట్టి తీస్తే కింద గుండ్రటి రాతి మూత, ఒక పక్క పగిలి ఉంది. దాన్ని పక్కకు జరపగానే, నానబోసి మరిచిపోయిన గింజల కంపు గుప్పున కొట్టింది. మనిషి పట్టేంత నోరు, లోపలంతా చీకటి.

"ఇది పాతరమ్మా. పాతకాలంలో జొన్నలు పోసి దాచుకుంటాండ్రి. ఒక బుడ్డి వెలిగించి ఇయ్యండి" అన్నాడు మేస్త్రి.

కిరోసిన్ బుడ్డి చాంతాడుకు కట్టి దించాడు. మూడు మూరలు దిగకముందే దీపం ఆరిపోయింది. గాలికి రెపరెపలాడి కాదు, ఎవరో వేళ్లతో నలిపేసినట్టు ఆరిపోయింది. పైకి లాగి, మళ్లీ వెలిగించి దించాడు. అక్కడే, సరిగ్గా అక్కడే ఆరిపోయింది.

"చూస్తిరి కదా, దీపమే నిలబడలేదు. మనిషి యాడ నిలబడతాడు? ఎవురూ దీంట్లోకి దిగగూడదు. రేపే మట్టి తోలించి పూడ్చేయండి. బండల సంగతి ఆమైన చూసుకుందురు."

నాకేమో లెక్కలెక్కువ. ముందు బండలకు ఎంతవుతుందో తేలితే, మిగిలినదాంతో మట్టి తోలించుకుందామన్నాను. మా ఆయన నేనేమంటే దానికి సరే అనే మనిషి. మేస్త్రి నావైపు ఒక చూపు చూసి, పాతర నోటికి అడ్డంగా ఒక బండ జరిపి, గడ్డపార భుజానేసుకుని వెళ్లిపోయాడు.

ఇంకో తెలివి కూడా ఉపయోగించాను. పాతర సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాను. కోట కిందున్న ఊరు మాది. ఎవరి గోడ కూలినా, ఎవరు పునాది తవ్వినా, "ఏమన్నా దొరికిందా?" అన్నదే మొదటి మాట. గుప్తనిధుల పిచ్చి పట్టినవాళ్లు గుట్ట మీద ఒక్క రాయిని కూడా కుదురుగా ఉండనివ్వలేదు. మా ఇంట్లో గుంత ఉందంటే ఊరుకుంటారా? అత్తకు కూడా చెప్పొద్దన్నాను. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. కదిరి నుంచి రాగానే, "బండ పగిలిందత్తా, ఆపక్క పోవద్దు" అని మాత్రం చెప్పాను. వంట వసారాలోకి మార్చాను, పిల్లల్ని వంటింటి గడప దాటనివ్వలేదు.

అయినా మాట బయటికి ఎలా పాకిందో పాకింది. పక్కింటామె రోజుకు మూడుసార్లు మజ్జిగకని వచ్చేది. గిన్నె నా చేతిలో, కళ్లు వంటింట్లో. ఒకరోజు పొద్దున గడప ముందు కుంకుమ పూసిన నిమ్మకాయ కనిపించింది. మేము పెట్టింది కాదు. చీపురుతో తోసేశానే గానీ ఆ చీపురును మళ్లీ ముట్టబుద్ధి కాలేదు. రెండు మధ్యాహ్నాలు ఎవరో కొత్త మనిషి ఎదురింటి అరుగు దగ్గర మోటారు సైకిల్ ఆపుకుని మా వాకిలి చూస్తూ నిలబడ్డాడు. మూడోనాడు షాపుకే వెళ్లి మా ఆయన్ను, "ఇల్లు అమ్ముతావా అప్పా? నువ్వెంత చెప్తే అంత" అని అడిగాడట. అప్పటికైనా మట్టి తోలించి ఉండొచ్చు. తోలించలేదు, బండలు ఇంకా కుదరలేదని!

ముందు హిందూపురం వెళ్లాము. అక్కడ ఒక షాపులో చాపలా చుట్టిన ప్లాస్టిక్ షీటు చూపించాడు. పూల డిజైను, ముట్టుకుంటే మెత్తగా ఉంది.

"ఏముందక్కా, పరిస్తే అయిపాయ. కింద ఏముండాదో ఎవురికి కనపడుతుంది?" అన్నాడు షాపతను.

పాపం, అతను నవ్వుతూ అన్న మాటే. నేను మాత్రం చేతిలోని షీటు వదిలేసి బయటికి వచ్చేశాను. ఇంకో చోట అంచులు చిట్లిన సెకండ్స్ టైల్స్ చూశాము. తడి పడితే జారుతాయి. ఎర్ర గచ్చు చేయిద్దామంటే పనివాళ్ల కూలికే అంతా పోతుంది. ఏదీ నా మనసుకు రాలేదు.

హిందూపురంలో మా మరిది అద్దెకు ఆటో తోలేవాడు. పెళ్లి కావాల్సిన వాడు. సొంత ఆటో ఒకటి కొనుక్కోవాలన్నది వాడి ఒకే ఒక్క ఆశ. మేము కనపడగానే ఎక్కించుకుని స్టేషన్‌కు తీసుకొచ్చాడు. ఎంత అమాయకుడంటే, నేను ఏది చెప్పినా నమ్మేవాడు. నేను కొత్త కోడలిగా వచ్చినప్పటి నుంచీ వాణ్ణి ఆట పట్టించడం నాకు అలవాటు, నవ్వేయడం వాడికి అలవాటు. దిగేటప్పుడు గొంతు తగ్గించి అడిగాడు.

"వదినా, మన వంటింట్లో ఏమో దొరికిందంట? ఈడ స్టాండులో కూడా అంటాండారు."

వారం రోజులుగా ఊరంతా పీక్కుతిన్నారు, ఇప్పుడు వీడు కూడానా! నాకు ఒళ్లు మండిపోయింది.

"అవునప్పా, బిందెలు బిందెలు! నువ్వొచ్చి పైకి ఎత్తి పెడితే చెరి సగం పంచుకుందామని బండ మూసి పెట్టినాం."

"నిజమా వదినా?"

"నీ మీదొట్టు!"

ముగ్గురమూ నవ్వాము. వాడి నవ్వు ఒక్క క్షణం ముందే ఆగిపోయింది. నేను చూశాను, చూసి కూడా పట్టించుకోలేదు. మా ఆయన దీపం ఆరిన సంగతి వాడికి చెప్పబోయాడు. చుట్టూ జనం ఉన్నారు, చెవులు రిక్కించుకుని ఉన్నారు. ఆయన చెయ్యి నొక్కి ఆపేశాను. ప్యాసింజర్ వచ్చింది, ఎక్కేశాము. వాడు డబ్బులు తీసుకోలేదు.

ఆ తరువాతి శుక్రవారం ధర్మవరం వెళ్లాము. స్టేషన్ అవతల బండలు పేర్చిన ఖాళీ జాగాలో బేతంచెర్ల బండలు దొరికాయి. పాలిష్ లేనివి, కొన్నిటికి అంచు వంకర, అందుకే ధర తక్కువ. వేలితో కొడితే ఖంగుమన్నాయి. పది రోజుల్లో మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది. లారీ బాడుగ ఇంకొంచెం తగ్గించమని నేను గంటసేపు పేచీ పెట్టుకున్నాను. మా ఆయన గడియారం చూపిస్తూనే ఉన్నాడు. ఆ గంటలో మధ్యాహ్నం బండి వెళ్లిపోయింది. తరువాతి బండికి వచ్చాము. దారి పొడుగునా మట్టి ఎప్పుడు తోలించాలి, బండలు ఎటు నుంచి పరిపించాలి, ఇవే మాటలు.

పెనుకొండ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కాము. ఆటో అతను మా వీధి మొదట్లో ఆపాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

"దుడ్లు వద్దులేక్కా. ముందు ఇంటికి పొండి."

వీధంతా జనం. జుమ్మా నమాజుకు వెళ్లి వచ్చిన మగవాళ్లందరూ మా వాకిట్లోనే ఉన్నారు. ఒకాయన పాతరలోకి దిగబోతుంటే మేస్త్రి పరిగెత్తుకొచ్చి నడుము పట్టుకుని ఆపాడట. బావిలో బొక్కెన పడితే తీసే కొక్కేలు తాడుకు కట్టి దించి, చొక్కాకు తగిలించి లాగారు. వసారాలో, నేను పది రోజులుగా వంట చేస్తున్న చోట, మా మరిదిని పడుకోబెట్టారు. ఒంటి మీద దెబ్బ లేదు. నిద్రపోయినట్టే ఉన్నాడు. పక్కన వాడు తెచ్చుకున్న కొత్త గోనె సంచులు, రెండు.

అత్త నన్ను చూసి లేచి వచ్చింది. ఏడుపు అప్పటికే అయిపోయింది ఆమెకు.

"అన్నావాళ్లు వచ్చేలోపల ఎత్తిపెడతానని దిగినాడు. వద్దురా అంటి. వదిన నా మీదొట్టు పెట్టి చెప్పిందిమా, అబద్ధం ఎందుకు చెప్తుంది అనె" అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది. "లోపల గాలి చెడ్డదంట, మేస్త్రి ఇప్పుడు చెప్తాండాడు. నీకు తెలుసామ్మా?"

అందరూ నా వైపు చూశారు. ఎవరెన్ని అన్నా ఎదురు మాట సిద్ధంగా ఉండే నోరు నాది.

"తెలీదత్తా" అన్నాను.

మా ఆయన గోడ వైపు తిరిగాడు. మేస్త్రి చేతిలో ఇంకా ఆ తాడు ఉంది. నా వైపు చూశాడు. తాడు చుట్టి అక్కడ పెట్టి, జనాన్ని తప్పించుకుని వెళ్లిపోయాడు. పాతర పూడ్చడానికి, బండలు పరచడానికి రమ్మని రెండుసార్లు కబురు పెట్టాము. రాలేదు. సోమందేపల్లి నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నాము.

అత్త ఆ తరువాత పన్నెండేళ్లు బతికింది. వచ్చిన ప్రతి చుట్టానికీ వంటింట్లో ఆ కొత్త బండలు చూపించి, కొడుకు సంగతి మొదలుపెట్టేది. ఎవరైనా నన్ను ఒక మాట అనబోతే మాత్రం ఊరుకునేది కాదు.

"మా కోడల్ని ఏమీ అనొద్దండి. ఆయమ్మికి తెలిసింటే వాణ్ణి దిగనిస్తాండెనా?" అనేది.