ఫ్రీజర్‌లో మిగిలిన మొండిది

మా మేడమ్ పోయారన్న సంగతి డిపార్ట్‌మెంట్ ఈమెయిల్ చూసి తెలుసుకున్నాను. దాని పైన పార్కింగ్ లాట్ రిపేర్ గురించి ఒక మెయిల్, కింద ఎవరిదో రిటైర్మెంట్ పార్టీ గురించి ఇంకొకటి, మధ్యలో ఆమె. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చి రాలీలో హాస్పిటల్‌లో ఉన్నారని తెలుసు. ఆ వారమే చూడటానికి వెళ్తే, ఆక్సిజన్ మాస్క్ కింద నుంచే ల్యాబ్‌లో చాంబర్‌కి గ్యాస్ సిలిండర్ మార్చావా అని అడిగారు. మార్చానన్నాను. నేను ఆమెతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

మేడమ్ అంటే నా గైడ్. నేను వరంగల్ నుంచి అమెరికాకి మాస్టర్స్‌కి వచ్చి ఆమె ల్యాబ్‌లో చేరాను. డిగ్రీ అయ్యాక ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకోనిచ్చే పర్మిట్ మీద, అక్కడే ఉద్యోగానికి ఉండిపోయాను. ఆమెది తెనాలి వైపు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ భర్తతో రాలీ పక్కన క్యారీలోనే ఉన్నారు. ఆమెకు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మన ఇళ్ళల్లో కీళ్ళవాతం అంటారు. ఒంటిని కాపాడాల్సిన బలగమే కీళ్ళ మీద తిరగబడే జబ్బు. వయసులో ఉండగానే వచ్చి, మళ్ళీ పోలేదు. ఉదయం పూట వేళ్ళు విచ్చుకునేవి కావు. అందుకే మా ల్యాబ్ మీటింగ్ ఎప్పుడూ పొద్దెక్కాకే ఉండేది. "పదకొండు దాకా నా చేతులు నావి కావు" అనేవారు.

మా పని మనుషుల మలంతో. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, దానితోనే నేను అద్దె కట్టుకున్నాను. మిగతా తెలుగు స్టూడెంట్స్ మాది పేడ ల్యాబ్ అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ సంగతి మేడమ్ చెవిన పడితే కోప్పడతారనుకున్నాను. అందరూ పేడనీళ్ళు కళ్ళాపి చల్లిన వాకిళ్ళలో పెరిగినవాళ్ళేగా అని నవ్వేశారు.

పేగుల్లో బతికే బాక్టీరియాలో చాలావాటికి గాలి తగిలితే చావే. అందుకని ఆక్సిజన్ లేని ఒక ప్లాస్టిక్ గుడారం ఉంటుంది. దాన్నే చాంబర్ అంటాం. దానికి అతికించిన పొడుగాటి గ్లవ్స్‌లోకి చేతులు దూర్చి లోపల పని చేయాలి. మేడమ్ చేతులు వాటిలో పట్టేవి కావు. కణుపులు వాచి, వేళ్ళన్నీ చిటికెన వేలి వైపుకి ఒరిగిపోయి ఉండేవి. ఆమె పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని చెబుతుంటే నేను చేసేదాన్ని. నేను తొందరపడితే, "నా చేతులు వణుకుతున్నాయి, కాసేపు ఆపు" అనేవారు. వణికేవి నా చేతులు. వాటిని ఆమె తనవిగానే లెక్కేసుకున్నారు.

ఆమెను జీవితమంతా వేధించిన ప్రశ్న ఒక్కటే. వాళ్ళమ్మకీ ఇదే జబ్బు. ఆవిడ తిప్పతీగ, శొంఠి వేసి కషాయం కాచుకుని తాగేది. తాగి తేరుకుంది కూడా. చివరిదాకా పిండి పిసికింది, బొబ్బట్లు ఒత్తింది. కూతురికి జబ్బు మొదలైతే అదే కషాయం తెనాలిలో ఉన్నన్నాళ్ళూ తాగించింది. కూతురికి రవ్వంత గుణం కనిపించలేదు. నీ ఒళ్ళు మొండిది, మందుకు లొంగదు అని ఆవిడ విసుక్కునేదట.

"అదే తీగ, అదే గిన్నె, కాచింది అదే చెయ్యి" అన్నారు ఒకరోజు మేడమ్, నేను ఆమెను కారులో ఇంటికి దింపుతున్నప్పుడు. "ఆవిడకి పనిచేసింది, నాకు చేయలేదు. మా అమ్మ కడుపులో ఏముందో, నా కడుపులో ఏం లేదో తెలుసుకోకుండా ఎట్లా పోను చెప్పు?"

ఆమె అనుమానం ఇది. ఆకులోనో తీగలోనో ఉన్న పదార్థం నేరుగా మందు కాదు. పేగుల్లోని ఏదో ఒక బాక్టీరియా దాన్ని విరగ్గొడితే మందవుతుంది. ఆ బాక్టీరియా లేని కడుపులో కషాయం ఒట్టి చేదునీళ్ళు. అనుమానం అనే అంటున్నాను. ఆమె కూడా చివరిదాకా అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఒకసారి గుడి హాల్లో భోజనాల దగ్గర ఒక అంకుల్, ఆయుర్వేదంలో దీన్ని ఆమవాతం అన్నారు, కడుపులో అరగనిది కీళ్ళలో చేరుతుందని మనవాళ్ళు ఏనాడో చెప్పారని పొంగిపోతున్నాడు. మేడమ్ నెమ్మదిగా, చెప్పడం వేరు చూపించడం వేరండీ అన్నారు. ఆంటీలు తిప్పతీగ తాగమంటారా అని అడిగితే, మీ డాక్టర్‌ని అడగండి, నా మాట మీద లివర్ పాడుచేసుకోవద్దు అనేవారు. ఆమె మాత్రం వారం వారం డాక్టర్ రాసిన మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకునేవారు, ఆపైన ఇంజెక్షన్లు. ప్రతి కొత్త ఇంజెక్షనూ కొన్నాళ్ళు పనిచేసి చేతులెత్తేసేది. ఇంట్లో కిటికీ దగ్గర కుండీలో తిప్పతీగ పెంచారు, చలికాలం వచ్చినప్పుడల్లా వాడిపోయేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు, నా విషయంలో సామెతే గెలిచింది అనేవారు.

కొత్త పద్ధతి ఏది ప్రయత్నించినా మేము ముందు మేడమ్ శాంపిల్ మీదే చేసేవాళ్ళం. స్టడీ కోసం శాంపిల్ ఇచ్చిన వాళ్ళ ట్యూబుల మీద నంబర్లే ఉండాలి, పేర్లు రాయకూడదు. తనది స్టడీ లెక్కలోకి రాదు కాబట్టి ఆమె తన ట్యూబుల మీద తెలుగులో, తన చేత్తో, 'మొండిది' అని రాసుకున్నారు. ఆ లేబుల్స్ నేను రాస్త మేడమ్ అంటే ఇవ్వలేదు. ఒక్కో అక్షరానికీ పెదవి కొరుక్కుంటూ రాశారు.

ఆ ట్యూబు పేరు నిలబెట్టుకుంది. వేరేవాళ్ళ శాంపిల్స్‌లో కషాయం పోస్తే కొన్నిట్లో మర్నాటికి ఏదో ఒక మార్పు కనిపించేది. మేడమ్ శాంపిల్‌లో పోసింది పోసినట్టే ఉండేది. మార్పు తెచ్చే బాక్టీరియాని వేరే దగ్గర్నుంచి తెచ్చి ఇందులో కలిపి చూశాం. కొన్నాళ్ళు ఉండి, తర్వాత కనపడకుండా పోయింది. ఉన్నవి దాన్ని తరిమేశాయి. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అని మేడమ్ స్క్రీన్ చూస్తూ నవ్వారు. నవ్వి, చాలాసేపు ఆ స్టూల్ మీదే కూర్చుండిపోయారు.

ఇంకో సంగతి చెప్పాలి. చేత్తో కలుపుకుని తినడం మానేసిన రోజు నుంచి అన్నానికి రుచి పోయింది అని ఆమె అనేవారు. ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్‌కి భోజనానికి పిలిస్తే, నా చేతికేసి చూసి, పప్పన్నం నువ్వు కలిపిపెట్టు, స్పూన్‌తో తింటాను అన్నారు. కలిపిపెట్టాను. మొత్తం తిన్నారు. ఎప్పుడూ సగం వదిలేసే మనిషి.

సంతాప సభ అదే గుడి హాల్లో జరిగింది. మాట్లాడిన ప్రతివాళ్ళూ ఆమె పని ఆగదు, ఎవరో ఒకరు ముందుకు తీసుకెళ్తారు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరు తీసుకెళ్తారు? గ్రాంట్ ఆమె ఉండగానే అయిపోయింది, రెన్యువల్ రాలేదు. నా ఓపీటీ ఇంకో ఉద్యోగం దొరికితేనే నిలుస్తుంది, దొరికేది ఈ పని కాదు. ఇవన్నీ అక్కడ అనలేదు. లడ్డూ ప్లేట్ పట్టుకుని నిలబడ్డాను.

బయటికి వస్తుంటే సార్, అంటే మేడమ్ భర్త, నన్ను ఆపారు.

"ల్యాబ్‌లో ఆవిడవేమన్నా ఉన్నాయామ్మా? ఉంటే పారెయ్యొద్దు, నాకివ్వు" అన్నారు.

మర్నాడు ఆమె స్వెటరు, కళ్ళజోడు, వేళ్ళు పట్టడానికని పెద్ద చెవి ఉన్న కాఫీ మగ్గు ఒక పెట్టెలో సర్ది ఇంటికి తీసుకెళ్ళాను. సార్ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టుకున్నారు. ఇంతేనా అని అడిగారు. ఇంతే సార్ అన్నాను. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో, కింది అరలో, ఆవిడ ఒంట్లో బతికినవి ఇంకా ఉన్నాయని, కరిగిస్తే లేస్తాయని, దహనమైన మనిషిలో బతికున్నది ఈ లోకంలో అదొక్కటేనని ఆయనకు ఎలా చెప్పను? ఏ మాటల్లో చెప్పను?

తర్వాత ఫ్రీజర్ ఖాళీ చేయమని మెయిల్ వచ్చింది. ల్యాబ్ మూసేస్తున్నారు. ప్రోటోకాల్, అంటే అనుమతి ఉన్న స్టడీ, నడుస్తున్న శాంపిల్స్ అయితే వేరే ల్యాబ్‌కి మారుస్తారు, లేనివి నాశనం చేయాలి. మేడమ్ ట్యూబులకి ప్రోటోకాలే లేదు. అదే అంతస్తులో ఉన్న ఇంకో ప్రొఫెసర్‌ని మీ ఫ్రీజర్‌లో కొంచెం చోటివ్వమని బతిమాలాను. ఆయన పాపం మంచివాడే, అవి ఏ ప్రశ్నకి అని అడిగాడు. వాళ్ళమ్మకి మందు పనిచేసి ఈమెకి ఎందుకు చేయలేదో తెలుసుకోవడానికి అన్నాను. మరి వాళ్ళమ్మ శాంపిల్ ఎక్కడ అన్నాడు.

లేదన్నాను. అది మేడమ్ దగ్గర కూడా ఎప్పుడూ లేదు. అమ్మ కడుపులో ఉన్నదేదో అమ్మతోపాటే కాలిపోయింది, దాచాలన్న బుద్ధి అప్పటికి నాకు లేదు అని ఆమె ఒకసారి నాతో అన్నారు. కూతురిది దాచుకున్నారు. దాచి ఏం లాభం, పక్కన పెట్టి చూడటానికి తల్లిది లేదు. ఇక తెలిసేది లేదు. ఎవరికీ, ఎప్పటికీ.

ట్యూబులు నాశనం చేసే పని వేరేవాళ్ళు చేస్తామన్నారు గానీ నేనే చేశాను. ఆమె చేతులు నావే కదా. ఫ్రీజర్ తెరిచి, మంచు గీకి, ఆమె పెట్టె బయటికి తీశాను. ట్యూబులు సంచిలో వేసి ఆటోక్లేవ్‌లో పెట్టి తలుపు బిగించాను. ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్నలాంటి మెషీన్ అది, ఆవిరితో దేన్నీ బతకనివ్వదు. దాని ముందే నిలబడ్డాను. హాల్‌వేలో వెళ్తున్న వాళ్ళు ఆ వాసనకి ముక్కు మూసుకున్నారు.

తలుపు తీశాక సంచి ముడుచుకుపోయి ఉంది. ట్యూబుల్లో ఉన్నది ఉడికి గోధుమ రంగుకి తిరిగింది. ఆ ట్యూబులకి వాడే ఇంకు మాత్రం మంచుకీ చెదరదు, ఆవిరికీ చెదరదు. ప్రతి ట్యూబు మీదా ఆ ఒరిగిన వేళ్ళు రాసిన అక్షరాలు ఒక పక్కకి వాలి, అలాగే ఉన్నాయి. మొండిది. మొండిది. మొండిది.